లాంగ్ ట్రెక్‌లో రోజంతా వాన పడితే ఆ రోజు ఎలా గడుపుతారు?

కొండమల్లి

అందరికీ నమస్కారం. నేనూ మా చెల్లీ కలిసి రెండు వారాలకు పైగా సాగే కొండ నడక ప్లాన్ చేసుకుంటున్నాం. గుడారం, స్లీపింగ్ బ్యాగ్, తిండి అన్నీ మా వీపు మీదే. ఇంతవరకూ చేసినవన్నీ చిన్న ట్రెక్‌లు. వాన వస్తే ఏ చెట్టు కిందో కాసేపు ఆగి, తగ్గాక మళ్లీ నడిచేవాళ్లం. ఇప్పుడు వెళ్లే దారిలో మధ్యలో ఊరు లేదు, షెల్టర్ లేదు. పొద్దున గుడారం జిప్పు తీసేసరికి వాన, సాయంత్రం మళ్లీ గుడారం వేసే వేళకీ వాన, అలాంటి రోజు కనీసం ఒకటైనా తప్పదని వెళ్లొచ్చినవాళ్లు అంటున్నారు.

ఏ జాకెట్ కొనాలన్నది కాదు నా ప్రశ్న. లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఆ రోజును మీరు ఎలా నడిపిస్తారో తెలుసుకోవాలని ఉంది. చిన్న విషయమైనా పర్వాలేదు, రాయండి.

దూరపునడక

కొండమల్లి గారూ, ముందు ఒక సంగతి ఒప్పేసుకుంటే మిగతాదంతా తేలికవుతుంది. రోజంతా వానలో బరువు మోస్తూ నడిస్తే ఎవరైనా తడుస్తారు. మెడ దగ్గర, మణికట్ల దగ్గర నీళ్లు దిగుతాయి, లోపలి చెమట బయటికి పోదు. అందుకే ఆ రోజు ఒళ్లు తడవకుండా కాపాడుకోవాలని నేను పంతం పట్టను. ఒంట్లో వెచ్చదనం పోకుండా చూసుకుంటాను. నా ఏర్పాట్లన్నీ దాని చుట్టూనే ఉంటాయి.

బట్టలు రెండు జతలు. ఒకటి నడిచే జత, ఒకటి పడుకునే జత. పడుకునే జత అంటే పల్చటి ఉన్ని చొక్కా, లోపలి పాంటు, మందపాటి సాక్సులు. వాటిని స్లీపింగ్ బ్యాగ్‌తో పాటు ఒక పెద్ద మందపాటి ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి మెలితిప్పి, బ్యాక్‌ప్యాక్ అడుగున పెడతాను. గుడారం లోపలికి వెళ్లేదాకా ఆ సంచి తెరవను. పైన తొడిగే రెయిన్ కవర్ ఒక్కటే చాలనుకోకండి. వీపుకీ బ్యాగ్‌కీ మధ్య జారే నీటిని అది ఆపలేదు, గట్టి గాలి వస్తే ఊడిపోతుంది కూడా. లోపలి సంచే ముఖ్యం.

అసలు కష్టం మర్నాడు పొద్దున. హాయిగా ఉన్న పొడి బట్టలు విప్పి, రాత్రంతా చల్లబడిన తడి చొక్కా, తడి సాక్సులు మళ్లీ తొడుక్కోవాలి. ఒళ్లు ఝల్లుమంటుంది. కాసేపు ఎక్కితే ఒంటి వేడికి అవే వెచ్చబడతాయి. ఆ కాసేపటికి జంకి పొడి జతతో బయల్దేరితే, సాయంత్రానికి రెండు జతలూ తడిసిపోతాయి. ఆ రాత్రి వేసుకోవడానికి ఇంకేమీ మిగలదు.

నూలు బట్ట మాత్రం వద్దు. నీళ్లు పీల్చుకుని ఒంటికి అతుక్కుంటే తొందరగా ఆరదు. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం ఉంచుతుంది, పాలియెస్టర్ ఫ్లీస్ పోగులు నీళ్లు పెద్దగా పీల్చుకోవు, పిండి వేసుకుంటే చాలు.

మేఘమాల

నా దగ్గర 20,000 రేటింగ్ ఉన్న జాకెట్ ఉంది. గాలి ఆడుతుంది, నీరు రాదు అని రాసి ఉంది. అయినా తడుస్తామంటే ఇక ఆ రేటింగ్‌కి అర్థమేంటండీ? చదువుతుంటేనే టెన్షన్ వస్తోంది.

తీరికనడక

మేఘమాల గారూ, ఆ రేటింగ్ అబద్ధం కాదు. కాకపోతే అది చెప్పేది ఒక్క విషయమే. బట్ట మీద నీటి స్తంభాన్ని నిలబెట్టి, ఎంత ఎత్తు వచ్చేసరికి నీళ్లు ఇవతలికి ఊరతాయో కొలుస్తారు. 20,000 మిల్లీమీటర్లంటే 20 మీటర్ల నీటి ఒత్తిడి. వాన చినుకు అంత ఒత్తిడి పెట్టదు, కాబట్టి బట్టలోంచి వాన లోపలికి రాదు.

చిక్కంతా లోపలి ఆవిరితోనే. 1969లో బాబ్ గోర్ పీటీఎఫ్ఈ అనే పదార్థాన్ని ఒక్క ఉదుటున సాగదీసి సన్నటి రంధ్రాలున్న పొరగా మార్చారు. నీరు రానివ్వకుండా ఆవిరిని బయటికి వదిలే గోర్-టెక్స్ బట్టలు వచ్చింది దానితోనే. ఆ రంధ్రాలు నీటి బొట్టుకు చాలా చిన్నవి, ఆవిరికి సరిపోయేంత పెద్దవి. అయితే ఆవిరి బయటికి వెళ్లాలంటే జాకెట్ లోపల తేమ ఎక్కువగా, బయట తక్కువగా ఉండాలి. రోజంతా వాన పడుతున్నప్పుడు బయటి గాలి కూడా తేమతో నిండిపోయి ఉంటుంది. ఇక ఆవిరి ఎటు పోవాలి? పైగా పైబట్ట మీద నీళ్లు నిలవకుండా పూసిన పూత అరిగితే బట్ట నానిపోతుంది, ఉన్న కాస్త దారీ మూసుకుపోతుంది. ముందుగా అరిగేది భుజాల దగ్గర, బ్యాగ్ పట్టీలు రాసుకునే చోట. మీ జాకెట్ భుజాల మీద నీళ్లు ముత్యాల్లా జారకుండా నల్లగా మరకపడుతున్నాయంటే పూత పోయినట్టే.

బయల్దేరే ముందు మామూలు డిటర్జెంట్ కాకుండా ఇలాంటి బట్టల కోసం అమ్మే ద్రావణంతో ఉతికి, లేబుల్ మీద అనుమతి ఉంటే సన్నటి వేడిలో ఆరబెట్టండి. పూత చాలావరకు మళ్లీ పనిచేస్తుంది. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ మాత్రం పొరపాటున కూడా వాడొద్దు. నడిచేటప్పుడు చంకల కింది జిప్పులు తీసే ఉంచండి. పొర కంటే ఆ జిప్పులే ఎక్కువ ఆవిరిని బయటికి పంపుతాయి.

గాలి లేని వానైతే నేను గొడుగే వాడతాను. జాకెట్ గుండీలు విప్పుకుని హాయిగా నడవచ్చు. శిఖరాల మధ్య కనుమ దాటేటప్పుడు మడిచి లోపల పెట్టేస్తాను, అక్కడి గాలికి గొడుగు నిలవదు.

శిఖరయాత్రి

నేను ఎమర్జెన్సీ వార్డులో నర్సుని, సెలవు దొరికితే కొండల్లో ఉంటాను. దూరపునడక గారు చెప్పిన వెచ్చదనం మాటను ఇంకాస్త వివరంగా రాస్తాను. మీరిద్దరే వెళ్తున్నారు కాబట్టి ఇది మీ ఇద్దరికీ తెలిసి ఉండాలి.

శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే హైపోథెర్మియా అంటాం. దానికి మంచు పడే చలి అక్కర్లేదు. గాలితో కూడిన వాన, బయట 8, 10 డిగ్రీలు, అలసిపోయిన మనిషి, ఈ మూడూ కలిస్తే చాలు. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. దానికి తోడు ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకీ సగటున 6 డిగ్రీలకు పైగా ఉష్ణోగ్రత పడిపోతుంది. లోయలో మామూలుగా అనిపించిన వాన కనుమ మీద ప్రాణం తీయగలదు. నన్నడిగితే సున్నాకి దిగువన పడే పొడి మంచు కంటే 1, 2 డిగ్రీల దగ్గర పడే వాన ఎక్కువ ప్రమాదం. మంచుని దులుపుకోవచ్చు, ఈ వాన లోపలిదాకా నానబెడుతుంది.

చలి ఎక్కుతున్న మనిషికి ఆ సంగతి తెలియదు, పక్కవాళ్లే కనిపెట్టాలి. కాళ్లు తడబడుతుంటాయి, మాట ముద్దముద్దగా వస్తుంది, చేతిలోవి జారిపోతుంటాయి, ఊరికే విసుక్కుంటారు. అనుమానం వస్తే బొటనవేలితో చిటికెనవేలిని తాకించమనండి. ఒక కాలి మడమని రెండో కాలి వేళ్లకి ఆనిస్తూ తిన్నగా నాలుగడుగులు వేయమనండి. చేయలేకపోతే ఆ రోజు నడక అక్కడితో ఆపేయాలి. వణికే మనిషి చలి తగ్గకుండానే వణకడం మానేస్తే అది ఇంకా పెద్ద ప్రమాదం, మెరుగైందని అనుకోవద్దు.

చేయాల్సింది ఏమిటంటే, గాలి తగలని చోట గుడారం వేసి, తడి బట్టలు విప్పించి, పొడివి తొడిగి, కింద మ్యాట్ పరిచి స్లీపింగ్ బ్యాగ్‌లో పడుకోబెట్టండి. స్పృహ బాగుండి మింగగలిగితే తియ్యటి వేడి పానీయం ఇవ్వండి. చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దకండి. మద్యం ఇవ్వకండి, అది చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి ఉన్న వేడిని కూడా బయటికి పంపేస్తుంది.

దూరపునడక గారూ, గుడారంలోకి వెళ్లేదాకా ఆ సంచి తెరవనని రాశారు. మనిషి ఇలా అయితే మాత్రం దారి మధ్యలోనైనా తెరవాల్సిందే. ఆ సంచి దాచుకునేదే అందుకు.

దూరపునడక

నిజం శిఖరయాత్రి గారూ. అలాంటప్పుడు క్షణం ఆలోచించకూడదు. సౌకర్యం కోసం తెరవొద్దని నా ఉద్దేశం.

వేళ్ల గురించి ఒకటి చెప్పాలి. తడిసి చల్లబడిన వేళ్లతో బ్యాగ్ బకిల్ నొక్కడం కూడా రాదు. వేలు నొక్కుతున్నట్టే ఉంటుంది, బకిల్ మాత్రం కదలదు. ఆ స్థితి వచ్చాక గుడారం తాళ్లు కట్టడం, స్టవ్ వెలిగించడం ఎంత కష్టమో ఊహించండి. అందుకే వేళ్లు ఇంకా మాట వింటుండగానే ఆగే చోటు వెతుక్కోవాలి. ఉన్ని గ్లవ్స్ మీద వదులుగా వాటర్‌ప్రూఫ్ మిట్టెన్స్ వేసుకుంటే చాలాసేపు కాచుకోవచ్చు.

కొండమల్లి

ఇదంతా మా చెల్లికి చదివి వినిపించాను. బొటనవేలు, చిటికెనవేలు పరీక్ష అప్పుడే రెండుసార్లు చేసి చూపించింది :)

మరో సందేహం. అసలు అంత వానలో నడవడమెందుకు, గుడారంలోనే ఉండిపోతే పోలేదా అంటోంది తను. మీరెలా తేలుస్తారు?

మేఘమాల

నేనైతే ఉండిపోతాను. సెలవు పెట్టుకుని వచ్చేది సంతోషం కోసం. వానలో తల వంచుకుని, పాదాల ముందు రెండడుగుల నేల తప్ప ఏమీ చూడకుండా రోజంతా నడిచి ఏం లాభం?

దూరపునడక

చిన్న ట్రెక్ అయితే మీ మాటే సరి. కానీ దూరపు నడకలో తిండి లెక్కగా మోస్తాం. ఒక రోజు ఆగితే ఒక రోజు తిండి ఖర్చైపోతుంది, మర్నాడు వాన ఆగుతుందన్న హామీ లేదు. అమెరికాలోని అప్పలాచియన్ ట్రెయిల్ లాంటి దాదాపు 3,500 కిలోమీటర్ల దారిలో నెలల తరబడి నడిచేవాళ్లు వానకు ఆగుతూ పోతే సీజన్ అయిపోతుంది.

నాకు మామూలు వాన ఆగడానికి కారణం కాదు. ఉరుములు, కనుమ మీద గట్టి గాలి, దారిలో పెద్ద వాగు, ఇద్దరిలో ఒకరికి ముందురోజే ఒంట్లో బాగాలేకపోవడం, వీటిలో ఏది ఉన్నా ఆగుతాను. అందుకే ఎప్పుడూ ఒక రోజు తిండి అదనంగా మోస్తాను. ఆ బరువు ఒప్పుకున్నందుకే ఆగాలా వద్దా అన్నది ప్రశాంతంగా ఆలోచించగలుగుతున్నాను. తిండి లేనివాడు ప్రమాదమని తెలిసీ నడుస్తాడు.

నడిచినా దూరం తగ్గించుకోండి. మైదానంలో గంటకి 5 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట అన్నది 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క. బరువుతో, జారే రాళ్ల మీద, వానలో ఆ వేగం కుదరదు. నేను సగానికి తగ్గించి లెక్క వేసుకుంటాను.

వానలో ఆగి తినాలనిపించదు, దాహం కూడా తెలియదు. కాబట్టి తినేవి నడుం పట్టీ జేబులో, ఒక చేత్తో తీయగలిగేలా పెట్టుకోండి. కొంచెం కొంచెంగా నడుస్తూనే తింటూ ఉండాలి. కడుపులో ఏదో ఒకటి పడితేనే ఒంట్లో వేడి పుడుతుంది.

వాగుగట్టు

ఇప్పటిదాకా ఎవరూ గట్టిగా అనలేదు కాబట్టి నేనంటాను. వానరోజున నాకు భయం పుట్టించేది చలి కంటే వాగులు. పొద్దున చీలమండ లోతున్న వాగు సాయంత్రానికి తొడల లోతుకి వస్తుంది. అప్పటికీ వెనక్కి వెళ్లాలంటే ఇంకో వాగు దాటాలి, అది కూడా పెరిగి ఉంటుంది. కాబట్టి రాత్రే మ్యాపు ముందేసుకుని, రేపటి దారిలో ఎన్ని వాగులున్నాయి, వాటికి నీళ్లొచ్చే కొండ ఎంత పెద్దది, వంతెన ఎక్కడ అన్నది చూసుకోండి.

గట్టుకి చేరాక వెంటనే దిగకండి. నిలబడి వినండి. లోపల రాళ్లు దొర్లుతున్న గుడగుడ చప్పుడు వస్తే, కొమ్మలు కొట్టుకొస్తుంటే, నీళ్లు అడుగు కనపడనంత బురదగా ఉంటే దిగే ప్రసక్తే లేదు. ఒక కర్ర ముక్క నీళ్లలో వేసి పక్కనే నడవండి. మీరు మామూలుగా నడిచే వేగం కంటే అది ముందుకి పోతుంటే, నీళ్లు మోకాలు దాటుంటే, నా సలహా దాటొద్దనే. దిగువన ఏముందో కూడా చూడాలి. జారితే కొట్టుకుపోయి ఆగే చోట జలపాతమో, పడిపోయిన చెట్టో ఉంటే అక్కడ దాటకూడదు.

దాటాల్సి వస్తే వెడల్పుగా పారే చోటు చూడండి, అక్కడ లోతు తక్కువ. వంపు తిరిగే చోట బయటి వైపు లోతూ వేగమూ రెండూ ఎక్కువ. బూట్లు విప్పకండి, ఎలాగూ తడిసే ఉన్నాయి, వట్టి కాళ్లు రాళ్ల మీద నిలవవు. నడుం బెల్టు, ఛాతీ పట్టీ విప్పి పెట్టుకోండి, పడితే బ్యాగ్ వదిలించుకోవడానికి. ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి, కర్రని మూడో కాలుగా ఆనించి, ఒక్కొక్క అడుగే పక్కకి వేయండి.

అన్నిటికంటే మంచి ఉపాయం ఓపిక. కొండ మీది చిన్న వాగు వేగంగా పొంగినా, వాన ఆగాక చాలాసార్లు త్వరగానే తీస్తుంది. గట్టు దగ్గర ఒక రాయి గుర్తు పెట్టుకుని గుడారం వేసుకోండి. పొద్దుటికి ఆ రాయి పైకి తేలి ఉంటుంది. ఆ ఆగిన పూట వృథా పోయిందని నేనెప్పుడూ అనుకోలేదు.

శిఖరయాత్రి

వాగుగట్టు గారికి వెయ్యి దండాలు. ఉరుముల గురించి కూడా రెండు ముక్కలు. మెరుపు కనిపించిన దగ్గర్నుంచి ఉరుము వినబడేదాకా లెక్కపెట్టండి, 3 సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు. 30 లోపే వినబడితే శిఖరం, గట్టు, ఒంటరి చెట్టు వదిలి కిందికి దిగిపోవాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా మళ్లీ పైకి వెళ్లొద్దు. ఇద్దరూ దూరదూరంగా ఉండండి. గుడారం పిడుగు నుంచి కాపాడదు.

నీలిగుడారం

నేను చెప్పగలిగేది సాయంత్రం సంగతి. రోజంతా ఎంత బాగా నడిచినా, గుడారం వేసే ఆ కొద్ది నిమిషాల్లో లోపలి గది తడిస్తే రాత్రి పాడైపోతుంది.

మీ గుడారం బయటి పొర ముందు వేసే రకమా, లోపలి గది ముందు వేసే రకమా చూసుకోండి. రెండోదైతే బయటి పొరని లోపలి గది మీద పరిచి ఉంచి, దాని కిందే చేతులు పెట్టి స్తంభాలు ఎక్కించడం ఇంట్లో ప్రాక్టీస్ చేయండి. గుడారాన్ని బ్యాగ్‌లో అన్నిటికంటే పైన పెట్టండి, దాని కోసం మిగతావన్నీ వానలో బయటికి తీయాల్సిన పని ఉండకూడదు. పల్లపు నేల, ఎండిపోయిన వాగు దారి, ఎండు చెట్టు కింద వద్దు. చదునుగా నున్నగా కనిపించే చోటు చాలాసార్లు నీళ్లు నిలిచి నున్నబడిన చోటే అయి ఉంటుంది. గడ్డి ఏ వైపు వాలి ఉందో, ఆకులు ఎక్కడ కుప్పపడ్డాయో చూస్తే నీళ్లు పారే దారి తెలిసిపోతుంది.

నైలాన్ గుడారమైతే ఇంకో పని ఉంది. నైలాన్ తడిస్తే సాగుతుంది. బిగుతుగా వేసిన పొర అరగంటలో మధ్యలో కుంగి, లోపలి గదికి అతుక్కుంటుంది. అది అతుక్కున్న చోటల్లా తడి లోపలికి దిగుతుంది. కాబట్టి పడుకునే ముందు ఒకసారి బయటికి వెళ్లి తాళ్లన్నీ మళ్లీ బిగించాలి. పాలియెస్టర్ అంతగా సాగదు.

తడివన్నీ ముందు గదిలోనే, అంటే బయటి పొర కింద లోపలి గది గుమ్మం ముందుండే ఖాళీలోనే, విప్పేయండి. ఒకరు లోపలికి వెళ్లి బట్టలు మార్చుకుంటున్నప్పుడు రెండోవారు వంట చూసుకోవచ్చు. గాలి కిటికీలు మూసేయకండి. చలి అని మూసేస్తే మన ఊపిరే పొర లోపల నీళ్లై మన మీద కారుతుంది. గుడారం మూసుకుని లోపల స్టవ్ వెలిగించడం మాత్రం ఎంత వానైనా చేయొద్దు. నిప్పు భయం ఒకటైతే, కార్బన్ మోనాక్సైడ్ రంగూ వాసనా లేకుండా చంపుతుంది. ముందు గదిలో, జిప్పు బాగా తెరిచి ఉంచి, గాలి ఆడుతుండగా చేసుకోండి.

మేఘమాల

తడి బట్టలు స్లీపింగ్ బ్యాగ్‌లో ఒంటి పక్కన పెట్టుకుంటే పొద్దుటికి ఆరతాయని విన్నాను. చేయొచ్చా?

నీలిగుడారం

పల్చటి సాక్సులు, గ్లవ్స్ వరకైతే గట్టిగా పిండి పొట్ట దగ్గర పెట్టుకోండి, చాలావరకు ఆరతాయి. జాకెట్, పాంటు వద్దు. ఆ తడి ఎక్కడికీ పోదు, మీ స్లీపింగ్ బ్యాగ్‌లోకే పోతుంది. ఈకల బ్యాగ్ తడిస్తే ఉబ్బు పోయి వెచ్చదనం పోతుంది. ఒక్క రాత్రికి తెలియకపోవచ్చు, వరసగా మూడు రాత్రులు వాన పడితే తెలుస్తుంది.

తీరికనడక

ఇక్కడ నీలిగుడారం గారితో పూర్తిగా ఏకీభవించలేను. సింథటిక్ స్లీపింగ్ బ్యాగ్ అయితే పల్చటి చొక్కా కూడా ఆరబెట్టుకుంటాను, నాకు ఇబ్బంది రాలేదు. ఈకల బ్యాగ్ అయితే మీరు చెప్పిందే సరి.

శిఖరయాత్రి

పాదాలు మరిచిపోతున్నారు అందరూ. చలి నీళ్లలో రోజుల తరబడి నానితే, గడ్డకట్టే చలి లేకపోయినా పాదాల నరాలు, రక్తనాళాలు దెబ్బతింటాయి. ముందు తిమ్మిరి, తెల్లబడటం, తర్వాత మంటా వాపూ. వాటర్‌ప్రూఫ్ బూట్లు ఉన్నా పైనుంచి దిగిన నీళ్లు లోపలే నిలుస్తాయి, కాబట్టి వాటిని నమ్ముకోకండి. రాత్రంతా పాదాలు పొడిగా ఉండటమే మందు. గుడారంలోకి రాగానే తుడిచి, ముడతలన్నీ పోయేదాకా గాలికి ఆరనిచ్చి, తర్వాతే పొడి సాక్సులు వేసుకోండి. పొద్దున తడి సాక్సులు తొడిగే ముందు మడమలకీ వేళ్ల మధ్యా వాజలిన్ రాయండి. తొడలు రాసుకునే చోట కూడా.

కొండమల్లి

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. మేం తీసుకున్న నిర్ణయాలు ఇవీ. ఒక రోజు తిండి అదనంగా మోస్తాం. పడుకునే జత ఎవరిది వాళ్ల సంచిలో, అడుగున. ఇద్దరిలో ఎవరు ఆగుదామన్నా రెండోవాళ్లు వాదించకుండా ఆగాలి, ఇది మా చెల్లి పెట్టిన షరతు. మ్యాపులో వాగులన్నీ గుర్తు పెడుతున్నాం, రెండుచోట్ల వంతెన ఉన్న చుట్టుదారి కూడా దొరికింది. వచ్చే వాన రోజు పెరట్లో గుడారం వేసి చూస్తాం.

ఒక్కటి మిగిలింది. పొద్దున వానలోనే గుడారం విప్పాల్సి వస్తే ఆ తడి ముద్దని ఏం చేయాలి?

నీలిగుడారం

ముందు లోపల కూర్చునే మిగతా సామానంతా సర్దేసి సంచి మూతి మెలితిప్పండి. ఆ తర్వాత వీలైతే బయటి పొర కిందే లోపలి గదిని విడదీసి మడిచేయండి, అది పొడిగానే ఉంటుంది. బయటి పొరని గట్టిగా విదిలించి, బ్యాగ్ బయటి జాలీ జేబులో కుక్కండి. లోపల పెడితే అన్నీ తడుస్తాయి. పగలు ఎప్పుడు వాన తెరిపిచ్చినా, ఎండ రాకపోయినా సరే, తిండికి ఆగినప్పుడు దాన్ని తీసి కొమ్మల మీదో రాళ్ల మీదో పరచండి. కాస్త గాలి ఉంటే తినడం అయ్యేలోపే చాలావరకు ఆరిపోతుంది. విదిలించేటప్పుడు ఇద్దరూ చెరో చివర పట్టుకోండి, గాలికి ఎగిరిపోకుండా.